కుర్చీ కదిలింది.. మరి పని కుదిరిందా?

హైదరాబాద్‌: మాదాపూర్‌లోని సైబర్‌ టవర్స్‌ను 1998 నవంబరులో నాటి ప్రధాని అటల్‌ బిహారీ వాజ్‌పేయి ప్రారంభించారు. ఆ రోజుల్లో కొలువులో చేరిన వారికి సంస్థ తొలిరోజే ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక కంప్యూటరు అప్పగించేది. బల్లపై ఇంటిల్లిపాది ఫొటో, పక్కన ఇష్టదైవం పటం, సొరుగులో నాలుగు పుస్తకాలు.. ఆ నాలుగడుగుల చోటు వారి సొంతం. నేడు అదే ప్రాంతంలోని అనేక కార్యాలయాల్లో పరిస్థితి వేరు. ఉద్యోగి ముందుగానే సెల్‌ఫోన్‌లో సీటు నమోదు చేసుకుని రావాలి. సాయంత్రం బల్ల ఖాళీ చేసి, సామగ్రి లాకర్‌లో పెట్టి ఇంటిదారి పట్టాలి. రేపటి కుర్చీ ఏ అంతస్తులో దొరుకుతుందో రేపే తేలాలి.

దీనికి సంస్థలు పెట్టిన పేరు ‘ఫ్లెక్సిబుల్‌ ఆఫీసు’. తెలుగులో వెసులుబాటు కార్యాలయం అనుకోవచ్చు. పేరు ముచ్చటగానే ఉంది. అయితే ఆ వెసులుబాటు ఎవరికి? అద్దె లెక్క చూసుకునే సంస్థకా? అక్కడ కూర్చుని పని చేసే మనిషికా? ఆరు దశాబ్దాలకు పైగా సాగిన ప్రయోగాలను, వాటిపై వెలువడిన పరిశోధనలను పరిశీలిస్తే మంచిచెడులన్నీ ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతున్నట్లు బోధపడుతుంది.

ఏమిటీ విధానం?

వెసులుబాటు కార్యాలయం అనే మాట కింద నాలుగైదు రకాల ఏర్పాట్లు కలగలిసి ఉన్నాయి. మొదటిది గోడలు, గదులు లేని బహిరంగ హాలు. రెండోది అవసరాన్ని బట్టి జరుపుకోగల తడికలు, చక్రాల బల్లలు. మూడోది ఎవరికీ సొంత సీటు లేని ‘హాట్‌ డెస్కింగ్‌’. అంటే ముందొచ్చిన వారిదే కుర్చీ. నాలుగోది పనిని బట్టి చోటు మారడం. చదువుకోవడానికి నిశ్శబ్దపు గది, చర్చకు చిన్న సమావేశ మందిరం, ఫోనుకు అద్దాల అర, మామూలు పనికి హాలు.. ఇలా ఒకే అంతస్తులో నాలుగు తీరుల చోట్లుంటాయి. వీటికి తోడు కొన్ని రోజులు ఇంటి నుంచి, కొన్ని రోజులు కార్యాలయం నుంచి పని చేసే మిశ్రమ విధానం కొవిడ్‌ తర్వాత వ్యాప్తిలోకి వచ్చింది.

ఈ రకాల మధ్య తేడాను గుర్తించకపోవడం వల్లే వాదోపవాదాలు తెగడం లేదు. గోడలు తీసేసి బల్లలు దగ్గరగా చేర్చిన హాలును, నాలుగు తీరుల చోట్లతో కట్టిన అంతస్తును ఒకే పేరుతో పిలుస్తున్నారు. మొదటిది స్థలం ఆదా చేసే ఉపాయం. రెండోదానికి స్థలమూ కావాలి, ఖర్చూ కావాలి.

లెక్క ఇదీ..

సంస్థలు ఇటు మొగ్గడానికి కారణం తేలికగానే అర్థమవుతుంది. వంద మంది ఉన్న సంస్థలో ఒక్కొక్కరూ వారానికి అయిదు పనిదినాల్లో మూడు రోజులే వస్తారనుకుందాం. సగటున రోజుకు 60 మంది. అంటే 60 కుర్చీలు సరిపోవాలి. నలభై కుర్చీల చోటుకు అద్దె, విద్యుత్తు, ఏసీ ఖర్చు మిగిలినట్లే. కాగితం మీద ఇది చక్కని లెక్క.

ఆచరణలో మాత్రం మనుషులు సగటు ప్రకారం నడవరు. సోమ, శుక్రవారాల్లో ఇంటి వద్ద ఉండేందుకే ఎక్కువ మంది ఇష్టపడ్డారనుకోండి. ఆ రెండు రోజులు 30 మంది చొప్పున వస్తే, మిగిలిన మూడు రోజుల్లో 80 మంది చొప్పున వస్తారు. మొత్తం కలిపితే అవే 300 హాజర్లు. కానీ వారంలో మూడు రోజులు 20 మందికి కుర్చీ ఉండదు. రెండు రోజులు 30 కుర్చీలు ఖాళీగా పడి ఉంటాయి. పైగా ఒక బృందంలోని వారంతా ఒకేసారి కలుసుకోవాలనే కదా కార్యాలయానికి వచ్చేది! వారు ఒకే రోజు వస్తేనే పనికి ప్రయోజనం, వేర్వేరు రోజుల్లో వస్తేనే సీట్ల లెక్కకు ప్రయోజనం. ఈ వైరుధ్యాన్ని సంస్థ పరిష్కరించకపోతే ఆ భారం ఉద్యోగి నెత్తిన పడుతుంది. తెల్లవారుజామునే బయల్దేరి సీటు పట్టుకోవడం, సహోద్యోగి కోసం అంతస్తులన్నీ వెతకడం, మానిటరు తీగలు సరిచూసుకోవడం.. జీతపు లెక్కలో ఎక్కడా కనిపించని పనులివి.

సదుద్దేశంతో మొదలై.. ఇరుకు గూడుగా మారి

పని చోటును మార్చుకునే వీలుండాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్ల కార్యాలయాల్లో గుమాస్తాలు వరుసలుగా కూర్చునేవారు, పైఅధికారి ఒక చివర నుంచి అందరినీ గమనించేవారు. మన తాలూకా కచేరీల్లో, కలెక్టరేట్ల సెక్షన్లలో తరతరాలుగా చూసిన ఏర్పాటుకు ఇది దూరపు చుట్టమే. ఈ వరుసలను చెదరగొట్టింది జర్మనీకి చెందిన ష్నెల్లే సోదరులు. 1950 దశకం చివర్లో వారు బల్లలను కాగితాలు నడిచే దారిని బట్టి, ఎవరు ఎవరితో ఎక్కువగా మాట్లాడతారన్నదాన్ని బట్టి అమర్చారు. మధ్యలో మొక్కలు, తక్కువ ఎత్తు తెరలు పెట్టారు. ఈ పద్ధతికి ‘కార్యాలయ ఉద్యానం’ అనదగిన పేరు వచ్చింది.

అమెరికాలో హెర్మన్‌ మిల్లర్‌ అనే ఫర్నిచర్‌ సంస్థ పరిశోధన విభాగానికి సారథ్యం వహించిన రాబర్ట్‌ ప్రాప్‌స్ట్‌ మరో అడుగు ముందుకేశారు. రోజంతా ఒకే భంగిమలో కూర్చోవడం మనిషికి హానికరమని ఆయన భావించారు. డిజైనర్‌ జార్జ్‌ నెల్సన్‌తో కలిసి 1964లో ‘యాక్షన్‌ ఆఫీస్‌’ పేరిట నిలబడి పని చేసే బల్లలు, వేర్వేరు ఎత్తుల అరలు తెచ్చారు. అవి ఖరీదైనవి కావడంతో అంతగా అమ్ముడుపోలేదు. 1968లో తెచ్చిన రెండో రూపంలో కదిలించగల తడికలు ప్రధానమయ్యాయి. వాటిని విశాలమైన కోణంలో, సుమారు 120 డిగ్రీల్లో అమర్చుకుంటే కొంత ఏకాంతమూ, కొంత బయటి చూపూ దక్కుతాయన్నది ప్రాప్‌స్ట్‌ ఊహ. మనిషి పని మారినప్పుడల్లా చోటు కూడా మారాలన్నది ఆయన సిద్ధాంతం.

కొన్న సంస్థలు మాత్రం వేరే లెక్క వేశాయి. విశాల కోణం కన్నా 90 డిగ్రీల మూల తక్కువ చోటు తీసుకుంటుంది. కాబట్టి తడికలను చతురస్రాలుగా బిగించి, పక్కపక్కనే పేర్చుకుంటూ పోయాయి. అదే తర్వాత ప్రపంచమంతా పరచుకున్న ‘క్యూబికల్‌’. మనిషిని స్వేచ్ఛగా కదిలించేందుకు పుట్టిన తడిక మనిషిని గూటిలో కూర్చోబెట్టే గోడగా మారింది. సహచరుడు నెల్సన్‌ ఈ పరిణామాన్ని బాహాటంగానే విమర్శించారు. 2000 సంవత్సరంలో కన్నుమూసిన ప్రాప్‌స్ట్‌ కూడా చివరి దశలో తన సృష్టికి పట్టిన గతిపై ఆవేదన వ్యక్తం చేశారు. తప్పు తడికది కాదు. దాన్ని జరిపే అధికారం అందులో కూర్చున్నవారికి లేకపోవడమే తప్పు.

సొంత కుర్చీ లేకపోతే..

ఎవరికీ సొంత సీటు ఉండరాదన్న ఆలోచనకు పెద్దఎత్తున పరీక్ష 1994లో జరిగింది. అమెరికాలో పేరొందిన వాణిజ్య ప్రకటనల సంస్థ షియట్‌ డే అధిపతి జే షియట్‌ తమ లాస్‌ ఏంజెలెస్‌ కార్యాలయంలో వ్యక్తిగత బల్లలు, గదులు తొలగించారు. ఉద్యోగులు ఉదయం కౌంటర్‌ వద్ద ల్యాప్‌టాప్‌, ఫోను తీసుకుని నచ్చిన చోట కూర్చోవాలి. సాయంత్రం తిరిగి అప్పగించాలి. సొంత వస్తువులకు లాకర్‌ ఇచ్చారు. భవిష్యత్‌ కార్యాలయం ఇదేనంటూ పత్రికలు అప్పట్లో ఎంతో రాశాయి.

కొద్ది నెలల్లోనే చిక్కులు బయటపడ్డాయి. ల్యాప్‌టాప్‌లు, ఫోన్లు అందరికీ చాలలేదు. కొందరు పెందలాడే వచ్చి వాటిని తీసుకుని దాచుకోసాగారు. దస్త్రాలు పెట్టుకునే చోటు లేక కొందరు కారు డిక్కీనే బీరువాగా వాడుకున్నారు. కూర్చునే చోటు కోసం కీచులాటలు మొదలయ్యాయి. బృంద సభ్యులు ఎక్కడున్నారో పైఅధికారులకే తెలియని స్థితి వచ్చింది. 1998లో కొత్త భవనానికి మారేటప్పుడు సంస్థ తిరిగి ఎవరి చోటు వారికి కేటాయించింది.

ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. సొంత చోటు కోరుకోవడం సోమరితనమో, మొండిపట్టో కాదు. రైలు ప్రయాణంలో సైతం నాలుగు గంటలు కూర్చున్న సీటును మనం ‘నా సీటు’ అంటాం. కళాశాలలో పేర్లు రాసి పెట్టకపోయినా విద్యార్థులు రోజూ అదే బెంచీకి చేరతారు. చోటు స్థిరంగా ఉంటే దాని గురించి ఆలోచించనక్కర్లేదు. ఆ మేరకు మనసు పని మీద నిలుస్తుంది.

గోడలు పోయాయి.. మాటలూ తగ్గాయి!

గోడలు తొలగిస్తే ఉద్యోగులు కలిసి మాట్లాడుకుంటారు, కొత్త ఆలోచనలు పుడతాయి.. బహిరంగ హాలుకు అనుకూలంగా తరచూ వినిపించే వాదన ఇదే. దీన్ని హార్వర్డ్‌ బిజినెస్‌ స్కూల్‌ ఆచార్యుడు ఈథన్‌ బెర్న్‌స్టైన్‌, ఆయన సహచరుడు స్టీఫెన్‌ టర్బన్‌ ప్రత్యక్షంగా కొలిచి చూశారు. అమెరికాలోని రెండు పెద్ద సంస్థల ప్రధాన కార్యాలయాలు బహిరంగ హాళ్లుగా మారుతున్న సమయంలో, ఉద్యోగుల మెడలో మాటల తీరును నమోదు చేసే పరికరాలు వేలాడదీశారు. ఫలితాలు 2018లో వెలువడ్డాయి. మొదటి సంస్థలో 52 మందిని గమనించగా, మార్పునకు ముందు ఒక్కొక్కరు రోజుకు సగటున 5.8 గంటలు ముఖాముఖి సంభాషణల్లో ఉండేవారు. గోడలు తీశాక అది 1.7 గంటలకు పడిపోయింది. అంటే 72 శాతం తగ్గుదల. తమలో తాము పంపుకొన్న ఈ-మెయిళ్లు మాత్రం 56 శాతం పెరిగాయి.

ఎందుకిలా? అందరూ చూస్తున్నారన్న స్పృహ ఉన్నప్పుడు మనిషి తన చుట్టూ కనిపించని గోడ కట్టుకుంటాడు. చెవులకు హెడ్‌ఫోన్లు, తెర మీదే చూపు, ముఖంలో ‘నన్ను కదిలించొద్దు’ అన్న భావం. పక్కవారిని పలకరిస్తే పది మందికి ఇబ్బంది అన్న మొహమాటం కూడా తోడవుతుంది. మాట్లాడాల్సింది కాస్తా సందేశంగా మారిపోతుంది. నిజానికి మనసు విప్పి మాట్లాడుకోవడానికి నాలుగు గోడలు కావాలి. అవి పోయాక ముచ్చట కూడా వాటితోపాటే పోయింది.

ఆస్ట్రేలియాలోని సిడ్నీ విశ్వవిద్యాలయ పరిశోధకులు జుంగ్‌సూ కిమ్‌, రిచర్డ్‌ డి డియర్‌ 2013లో ప్రచురించిన విశ్లేషణ కూడా ఇదే దిశలో ఉంది. 303 కార్యాలయ భవనాల నుంచి సేకరించిన 42,764 మంది అభిప్రాయాలను వారు పరిశీలించారు. బహిరంగ హాలులో పలకరింపులు సులువు కావడం వల్ల కలిగే మేలు కన్నా శబ్దం, ఏకాంత లోపం వల్ల కలిగే అసంతృప్తే అధికమని తేల్చారు.

అసలు శత్రువు అర్థమయ్యే మాట

శబ్దం అనగానే హోరు అనుకుంటాం. కార్యాలయంలో ఏకాగ్రతను చెడగొట్టేది హోరు కాదు, చెవిన పడి అర్థమయ్యే మాట. ఏసీ మోత, వాన చప్పుడు ఎంతసేపున్నా మెదడు వాటిని పక్కన పెట్టేస్తుంది. పక్క బల్ల వద్ద ఎవరో ఇంటి రుణం గురించి మాట్లాడుతుంటే మాత్రం వద్దనుకున్నా చెవి అటే పోతుంది. అందులోనూ ఫోను సంభాషణ మరీ ఇబ్బందికరం. ఒకవైపు మాటలే వినిపించడంతో, అవతలివారు ఏమన్నారో ఊహించే పనిలో మెదడు తెలియకుండానే పడిపోతుంది. సగం సంభాషణ, పూర్తి సంభాషణ కన్నా ఎక్కువ ఆటంకమని అమెరికాలోని కార్నెల్‌ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో ప్రయోగపూర్వకంగా చూపారు.

హైదరాబాద్‌ ఐటీ ఉద్యోగులకు ఈ విషయం ప్రత్యేకంగా వర్తిస్తుంది. ఇక్కడి పనిలో పెద్ద భాగం ఇతర దేశాల బృందాలతో ఫోను, వీడియో సమావేశాలే. అమెరికా తూర్పు తీరంతో మనకు తొమ్మిదిన్నర నుంచి పదిన్నర గంటల తేడా. కాబట్టి సాయంత్రం వేళ ఒకే హాలులో పదుల సంఖ్యలో సగం సంభాషణలు ఒక్కసారిగా మొదలవుతాయి. ఆ సమయంలో కోడ్‌ రాసేవారి పరిస్థితి ఊహించుకోవచ్చు. హాలు ఎంత అందంగా ఉన్నా, తలుపు మూసుకుని ఫోను మాట్లాడుకునే అరలు చాలినన్ని లేకపోతే ఆ అందం అక్కరకు రాదు.

తక్కువ స్థాయి శబ్దమే కదా, అలవాటైపోతుందిలే అనుకోవడమూ పొరపాటే. కార్నెల్‌కే చెందిన గ్యారీ ఎవాన్స్‌, డానా జాన్సన్‌ 2000లో 40 మంది మహిళా గుమాస్తాలపై జరిపిన ప్రయోగం ఇందుకు నిదర్శనం. మూడు గంటలపాటు మామూలు కార్యాలయపు సద్దులో పని చేసినవారికి ఒత్తిడి పెరిగినట్లు అనిపించలేదు, టైపింగ్‌ వేగమూ తగ్గలేదు. కానీ వారి శరీరంలో ఒత్తిడి హార్మోను పెరిగింది. తర్వాత ఇచ్చిన కఠినమైన చిక్కుముడులను వారు త్వరగా వదిలేశారు. కూర్చునే భంగిమను సరిచేసుకోవడమూ తగ్గించారు. మనిషికి తెలియకుండానే పట్టుదల సన్నగిల్లిందన్నమాట.

ఆరోగ్యంపైనా ప్రభావం

డెన్మార్క్‌లో 2,403 మంది ఉద్యోగులపై జరిపిన సర్వే ఫలితాలు 2011లో వెలువడ్డాయి. సొంత గదుల్లో పని చేసేవారితో పోలిస్తే ఆరుగురికి మించి కూర్చునే హాళ్లలోని వారు 62 శాతం ఎక్కువ రోజులు అనారోగ్య సెలవు తీసుకున్నట్లు అందులో తేలింది. ఇది ఒకే దఫా జరిపిన సర్వే కనుక హాలే అనారోగ్యానికి కారణమని దీన్నిబట్టి నిర్ధారించలేం. గాలి ద్వారా సోకే జబ్బులు, శబ్దం, ఉద్యోగ స్థాయి వంటివన్నీ ఇందులో కలిసి ఉండొచ్చు. అయినప్పటికీ అద్దెలో మిగిలిన సొమ్ము సెలవుల రూపంలో కరిగిపోతోందేమో సంస్థలు ఒకసారి లెక్క చూసుకోవాల్సిందే.

అయితే అంతా నష్టమేనా?

కానే కాదు. నాణేనికి రెండో వైపు కూడా అంతే స్పష్టంగా ఉంది. స్వీడన్‌లో 2008లో వెలువడిన ఒక అధ్యయనం ఏడు రకాల కార్యాలయాల్లోని 469 మందిని పరిశీలించింది. సొంత గదులున్నవారు, వెసులుబాటు కార్యాలయాల్లోని వారు ఆరోగ్యం, ఉద్యోగ తృప్తి విషయాల్లో మెరుగ్గా ఉన్నారు. మధ్య స్థాయి బహిరంగ హాళ్లలోని వారి ఆరోగ్యం వెనకబడి ఉంది. సొంత సీటు లేకున్నా వెసులుబాటు కార్యాలయం ఎందుకు మెరుగ్గా నిలిచింది? అక్కడి ఉద్యోగులకు శబ్దం నుంచి లేచి నిశ్శబ్దపు గదికి వెళ్లే అవకాశం ఉంది. పనిని ఎక్కడ, ఎప్పుడు చేయాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ ఉంది. హాలులోని వారికి సొంత కుర్చీ ఉన్నా, లేచి పోయే దారి లేదు.

ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్‌ విశ్వవిద్యాలయ పరిశోధకులు క్రెయిగ్‌ నైట్‌, అలెక్స్‌ హాస్లమ్‌ 2010లో ప్రచురించిన ప్రయోగాలు ఈ చిక్కును ఇంకా తేటగా విప్పాయి. ఒకే రకమైన పనిని నాలుగు రకాల గదుల్లో చేయించారు. మొదటిది బల్ల, కుర్చీ తప్ప మరేమీ లేని బోసి గది. రెండోదాన్ని మొక్కలు, చిత్రాలతో నిర్వాహకులే అలంకరించారు. ఇందులో పని బోసి గదిలో కన్నా 17 శాతం మెరుగుపడింది. మూడోదాన్ని ఉద్యోగులే తమకు నచ్చినట్లు సర్దుకున్నారు. ఇందులో మెరుగుదల 32 శాతం. ఇక నాలుగో గదిలో ఉద్యోగులు సర్దుకున్న తర్వాత నిర్వాహకులు వచ్చి దాన్ని మార్చేశారు. వచ్చిన లాభం కాస్తా పోయింది. మొక్కలు అవే, చిత్రాలూ అవే. తేడా అంతా సర్దే చేయి ఎవరిదన్నదే.

ఇందుకు చరిత్రలో చక్కని ఉదాహరణ అమెరికాలోని మసాచుసెట్స్‌ సాంకేతిక విద్యాసంస్థ (ఎంఐటీ) ఆవరణలోని ‘20వ నంబరు భవనం’. రెండో ప్రపంచయుద్ధ కాలంలో, 1943లో రాడార్‌ పరిశోధన కోసం హడావుడిగా కట్టిన చెక్క భవనమది. యుద్ధం ముగిశాక కూల్చేయాలనుకున్నారు. అయితే 1998 వరకూ నిలిచింది. వేసవిలో ఉక్క, చలికాలంలో ఈదురుగాలి. అందం సంగతి సరేసరి. అయినా అందులోని వారికి ఒక సౌకర్యం ఉండేది. అనుమతి కోసం ఎదురుచూడకుండా గోడలు కొట్టుకోవచ్చు, తీగలు లాగుకోవచ్చు. పరమాణు గడియారం నిర్మిస్తున్న జెరాల్డ్‌ జకరాయస్‌ తన పరికరం పట్టేందుకు రెండు అంతస్తుల నేలనే తొలగించారు. నోమ్‌ చోమ్‌స్కీ భాషాశాస్త్ర కృషి కొంతకాలం సాగిందీ అక్కడే. వెసులుబాటు అంటే అది! చక్రాల కుర్చీలు లేవు, సీటు బుకింగ్‌ లేదు. కానీ చోటు మీద అధికారం పని చేసేవారి చేతిలో ఉంది.

ఇల్లా? కార్యాలయమా?

కొవిడ్‌ కాలంలో చర్చ మరో మలుపు తిరిగింది. 2025 నాటికి ఏ సమయంలోనైనా నాలుగో వంతు సిబ్బందే కార్యాలయంలో ఉంటే చాలన్న ప్రణాళికను దేశంలోనే అతిపెద్ద ఐటీ సంస్థ టీసీఎస్‌ 2020లో ప్రకటించింది. అదే సంస్థ 2023 అక్టోబరు నుంచి వారానికి అయిదు రోజులూ కార్యాలయానికి రావాలని సిబ్బందికి సూచించింది. మూడేళ్ల వ్యవధిలో ఇంతటి మార్పు రావడం ఈ ప్రశ్న ఎంత సంక్లిష్టమో చెబుతోంది.

దీనిపై గట్టి ఆధారాలు చైనాలోని ప్రయాణ సేవల సంస్థ ట్రిప్‌ డాట్‌ కామ్‌ నుంచి వచ్చాయి. దాని పూర్వనామం సీట్రిప్‌. స్టాన్‌ఫర్డ్‌ ఆచార్యుడు నికోలస్‌ బ్లూమ్‌ బృందం అక్కడి కాల్‌సెంటర్‌ సిబ్బందిలో కొందరిని తొమ్మిది నెలలపాటు ఇంటి నుంచి పని చేయించింది. 2015లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం వారి పనితీరు 13 శాతం పెరిగింది. విరామాలు, సెలవులు తగ్గడం ఇందుకు ప్రధాన కారణం కాగా, ఇంట్లోని నిశ్శబ్దంలో నిమిషానికి ఎక్కువ కాల్స్‌ తీసుకోగలగడం మరో కారణం. ప్రయోగం ముగిశాక మాత్రం వారిలో సగానికి సగం తిరిగి కార్యాలయానికే మొగ్గు చూపారు. ఒంటరితనం భరించలేకపోవడమే అందుకు ముఖ్య కారణం. అదే సంస్థలో 1,612 మందిపై జరిపిన మరో ప్రయోగం ఫలితాలు 2024లో వెలువడ్డాయి. వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని చేసేందుకు అనుమతించిన వారిలో రాజీనామాలు మూడో వంతు తగ్గాయి. పనితీరు మదింపులో, పదోన్నతుల్లో తేడా రాలేదు.

అలాగని చోటుతో పనే లేదనుకోరాదు. ఎంఐటీ ఆచార్యుడు థామస్‌ అలెన్‌ 1977లో ప్రచురించిన గ్రంథంలో ఇంజినీర్ల బల్లల మధ్య దూరం పెరిగేకొద్దీ వారి మధ్య సంభాషణ ఎంత వేగంగా పడిపోతుందో చూపారు. ఒకే భవనంలో ఉన్నా 50 మీటర్లు దాటితే పలకరింపు అరుదే. సాఫ్ట్‌వేర్‌ ఇంజినీర్లపై 2023లో అమెరికాలో వెలువడిన మరో అధ్యయనం ప్రకారం, బృందంతో కలిసి ఒకేచోట కూర్చున్న కొత్తవారికి తమ కోడ్‌పై సీనియర్ల నుంచి ఎక్కువ సూచనలు అందాయి. అయితే నేర్పే సీనియర్ల సొంత పని ఆ మేరకు తగ్గింది. కొలువులో చేరిన తొలి ఏడాది కుర్రాడు రోజుకో మూల కూర్చుంటే, అతను ఎవరిని చూసి నేర్చుకోవాలి? నేర్చుకోవడం ఆలస్యమైతే ఆ నష్టం అతనిదే కాదు, సంస్థది కూడా.

జిల్లాలకూ ఇది అవసరమే

ఈ చర్చ మాదాపూర్‌, గచ్చిబౌలికే పరిమితం కాదు. వరంగల్‌ సమీపంలోని మడికొండలో ఐటీ సంస్థలు 2020లో కార్యాలయాలు తెరిచాయి. కరీంనగర్‌ ఐటీ టవర్‌, ఖమ్మం ఐటీ హబ్‌ కూడా అదే ఏడాది ప్రారంభమయ్యాయి. విశాఖపట్నంలో ఇన్ఫోసిస్‌ కేంద్రం 2023లో మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న ప్రారంభించిన గ్రామ సచివాలయాల్లోనూ పలు శాఖల ఉద్యోగులను ఒకే కప్పు కిందికి చేర్చారు. ఒక హాలులో పది మందిని కూర్చోబెట్టే ప్రతిచోటా ప్రశ్న ఒక్కటే. గోప్యంగా చెప్పుకోవాల్సిన సమస్యతో పౌరుడు వస్తే ఎక్కడ కూర్చోబెట్టాలి? తలవంచుకుని లెక్కలు చూడాల్సిన ఉద్యోగికి నిశ్శబ్దం ఎక్కడ దొరకాలి? కొత్తగా కట్టుకునే చోట ముందుగానే ఆలోచిస్తే ఖర్చు తక్కువ. కట్టాక కూల్చడం కన్నా గీసేటప్పుడే దిద్దుకోవడం మేలు.

దివ్యాంగుల విషయం మరువరాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం పని చోట వారి అవసరానికి తగిన మార్పులు చేయాలని చెబుతోంది. ప్రత్యేకమైన బల్ల, కుర్చీ, తెర చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌ ఉన్న కంప్యూటరు కావాల్సిన వారిని రోజుకో చోటు వెతుక్కోమనడం న్యాయం కాదు. గర్భిణులకు, నడుంనొప్పితో బాధపడేవారికి కూడా ఇదే వర్తిస్తుంది. అందరికీ ఒకే నిబంధన అనడం పైకి సమానత్వంలా కనిపించినా, ఆచరణలో కొందరికి శిక్షే అవుతుంది.

మార్చే ముందు చూసుకోవాల్సినవి

* సీట్ల సంఖ్యను సగటు హాజరుతో కాక, అత్యధిక హాజరు ఉండే రోజుతో లెక్కించాలి.

* హాలును తెరిచే ముందు ఫోను అరలు, తలుపు ఉన్న చిన్న గదులు సిద్ధం చేయాలి. రోజులో ఫోనుపై గడిచే గంటలను బట్టి వాటి సంఖ్య నిర్ణయించాలి.

* రోజుకో సీటు తప్పనిసరైతే కనీసం బృందానికి ఒక స్థిరమైన ప్రాంతం కేటాయించాలి. కుర్చీ మారినా పేట మారకూడదు.

* కొత్తగా చేరినవారికి, దివ్యాంగులకు, వైద్యపరమైన అవసరం ఉన్నవారికి స్థిరమైన సీటు ఇవ్వాలి.

* నిశ్శబ్దపు గదిలో నిశ్శబ్దం పాటించాలన్న నిబంధన అధికారులకూ వర్తించాలి. పైఅధికారి మాత్రం క్యాబిన్‌లో ఉండి, సిబ్బందికి స్వేచ్ఛ గురించి చెబితే ఎవరూ నమ్మరు.

* బల్లలు జరుపుకోవడానికి, దీపపు వెలుగు తగ్గించుకోవడానికి, నాలుగు వస్తువులు పెట్టుకోవడానికి అనుమతి అడగనక్కర్లేకుండా చూడాలి.

* మార్పు చేసిన ఆరు నెలలకు సెలవులు, రాజీనామాలు, పని పూర్తయ్యే సమయం.. ఈ మూడింటినీ పాత లెక్కలతో పోల్చాలి. అద్దెలో మిగిలింది ఒక్కటే చూసుకుంటే సగం లెక్కే చూసినట్లు.

ఉద్యోగులు కూడా సంస్థను సూటిగా ఒక మాట అడగవచ్చు. ‘ఈ హాలులో నాకు ఇబ్బందిగా ఉంటే లేచి ఎక్కడికి వెళ్లాలి?’ అని. దానికి తలుపు ఉన్న ఒక గది చూపించగలిగితే అది వెసులుబాటు కార్యాలయం. చూపించలేకపోతే, దానికి ఏ పేరు పెట్టినా అది ఇరుకు హాలే.